పెద్దసారు సీరియస్

పొద్దున్నే పేపర్ చదివి వినిపించడం మా ఇంట్లో నా డ్యూటీ. మొన్న జిల్లా పేజీలో పెద్దక్షరాలతో ఉంది: "చెత్త పేరుకుపోవడంపై పెద్దసారు సీరియస్". చేటలో బియ్యం ఏరుతున్న నాయనమ్మ చెయ్యి ఆగింది.

"అయ్యో, ఏ దవాఖానల ఏసిండ్రు బిడ్డా? పిల్లలు చిన్నోళ్లా?"

తప్పు ఆమెది కాదు. మా నల్లగొండలో "సీరియస్‌గా ఉందట" అని ఫోనొస్తే కంచం ముందు నుంచి లేచి, హైదరాబాద్ బస్సెక్కుతాం. జబ్బుకు ఆ మాట ఇంగ్లీషులోనూ ఉంది. మనిషి సీరియస్ అంటే మాత్రం వాళ్లకు నవ్వులాటలు లేని మనిషి. లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చిన పాపానికి అది అక్కడ విశేషణంగానే ఉండిపోయింది. మనం దానికి 'అవ్వడం' తగిలించి పని నేర్పాం. మన సార్లు మీటింగులో సీరియస్ అవుతారు, ఆ తర్వాత చాయ్ తాగుతారు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైంది "సీరియస్‌గా తీసుకుంటాం" అన్న ప్రయోగం. దేశంలో ఫ్లోరోసిస్‌ను డాక్టర్లు రాసిపెట్టింది 1937లో. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు. మా జిల్లాలో మోకాళ్లు వంకర్లు పోయిన తరాలు పుట్టి పెరిగాయి, పోయాయి కూడా. అంతసేపూ పైవాళ్లు సీరియస్‌గానే తీసుకున్నారు. అన్యాయంగా మాట్లాడొద్దు, నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఉపాయం చెప్పారు, దానికి మా ఊరి పేరే పెట్టారు: నల్లగొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలిపి, తర్వాత కదపకుండా వదిలేయాలి. ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు చేరుతుంది.

ఈ టెక్నిక్ నీళ్లకంటే ఫైళ్ల మీద బాగా పనిచేస్తుందని నా పరిశోధన. ముందు గట్టిగా కలపాలి, అంటే మీటింగు. తర్వాత కదపకుండా వదిలేయాలి. ఎంత పెద్ద సమస్యయినా అడుగుకు చేరుతుంది, పైన తేట.

మా గల్లీ మోరీ పొంగుతోందని నేనూ ఒక కాగితం ఇచ్చొచ్చాను. మూడోసారి పోతే అక్కడి గుమాస్తా కుర్చీ చూపించి మరీ చెప్పాడు: "మీదాన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నం సార్."

ఇంటికొచ్చి నాయనమ్మకు అదే మాట చెప్పాను.

"ఇగ బతకదు తియ్యి" అని చేట దులుపుకుంది.