పొట్ట మీద హెడ్‌ఫోన్లు తీసేయండి

కడుపుతో ఉన్నవాళ్లకి పొట్టకి కట్టుకునే స్పీకర్లట, పుట్టాక తెలివి పెంచే ప్లేలిస్టులట, ఏడాది నిండకుండానే మన హైదరాబాద్‌లో కొండాపూర్‌లో, మణికొండలో క్లాసులట. పసిపిల్లలకి సంగీతం మంచిదే. ఇంత ఖర్చుతో మీరు కొంటున్నది మాత్రం ఆ మంచి కాదు.

పాశ్చాత్య సంగీతకారుడు మోజార్ట్ బాణీలు వింటే బుర్ర పదునెక్కుతుందన్న మాట 1993లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనంతో మొదలైంది. అందులో ఉన్నది చంటిపిల్లలు కాదు, 36 మంది కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు అతని పియానో సొనాటా ఒకటి విన్నాక, మడతపెట్టి కత్తిరించిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించే తరహా ప్రశ్నల్లో కాస్త మెరుగయ్యారు. పావుగంటకల్లా ఆ మెరుగు కూడా పోయింది. దీన్ని పట్టుకునే 1998లో అమెరికాలో జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకీ సంగీతం సీడీ ఇవ్వడానికి డబ్బు అడిగాడు. మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో అదింకా తిరుగుతూనే ఉంది.

ఏడో నెల వచ్చేసరికి కడుపులో బిడ్డకి వినిపిస్తుంది, నిజమే. బయటి శబ్దం కండరాలూ ఉమ్మనీరూ దాటి లోపలికి వెళ్లేసరికి సన్నటి స్వరాలు మొద్దుబారి, మంద్రమైనవే మిగులుతాయి. తల్లి గొంతుకి ఆ ఇబ్బంది తక్కువ, అది ఎముకల గుండా కూడా చేరుతుంది. కూరగాయలు తరుగుతూ కూనిరాగం తీస్తే చాలు. బెల్టు దేనికి?

అసలు లాభం ఒళ్లో ఉంది. 2015లో కెనడాలో చూశారు: ఏడుపు మొదలయ్యే దాకా పిల్లలు మాటలు విన్నది సుమారు 4 నిమిషాలు, పాట విన్నది దాదాపు 9 నిమిషాలు. బిడ్డకి తెలియని భాషలో పాడినా అంతే. మీ గొంతు బాగుందా, శ్రుతి కలిసిందా అని చంటిది చూడదు. చూసేది మీ ముఖం, ఊపు, మళ్లీ అదే పాట వస్తుందా అన్నది.

లయ సంగతి ఇంకా ముచ్చటైనది. ఆరు నెలల పిల్లలు ఏ దేశపు తాళం తప్పినా పట్టేస్తారు. ఏడాదికి వచ్చేసరికి ఇంట్లో వినేదే మిగులుతుంది. ఉత్తర అమెరికా పిల్లలకి ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ ప్రాంతపు 7 దెబ్బల లయలు అలాగే జారిపోయాయి. రెండు వారాలు ఇంట్లో వినిపిస్తే తిరిగొచ్చాయి. మన దగ్గర తకిట తకధిమి అని ఒడిలో దరువేసే మిశ్రచాపు తాళమూ 7 దెబ్బలదే, ఊరికే వస్తుంది. 2016లో సియాటిల్‌లో 9 నెలల పిల్లలకి 15 నిమిషాల చొప్పున 12 సార్లు మూడు దెబ్బల లయతో ఆడించారు. లయ తప్పినప్పుడు వాళ్ల మెదడు స్పందన పాటలోనే కాదు, మాటలోనూ బలపడింది. అక్కడ తల్లిదండ్రులు పక్కనే కూర్చుని తాళం కొట్టారని మర్చిపోకండి.

చెయ్యాల్సింది చాలా తక్కువ. నాలుగు లైన్ల పాటలు మూడు చాలు: స్నానానికొకటి, బట్టలు మార్చేటప్పుడొకటి, నిద్రకొకటి. రోజూ మార్చకండి, బిడ్డకి తర్వాత ఏమొస్తుందో తెలియడమే ఇక్కడ ఆట. నెమ్మదిగా పాడి, లైను చివర రెండు క్షణాలు ఆగండి. పది నెలల వాళ్లు ఆ ఖాళీలో కాళ్లాడిస్తారు, రెండేళ్ల వాళ్లు చివరి మాట అందుకుంటారు. బతుకమ్మ పాటల్లో ప్రతి లైనుకీ ‘ఉయ్యాలో’ వచ్చేది ఇలాంటి పనికే అనిపిస్తుంది. ముఖం తిప్పేసినా, వీపు విల్లులా వంచినా చాలనే అర్థం. తాళం తప్పుతోందని దిద్దకండి. రెండేళ్ల వాళ్లు ఒళ్లు ఊపుతారు కానీ దెబ్బకి కలపడం ఇంకా చాలా తర్వాత. ఆ వయసులో తబలా క్లాసంటే మాస్టారికి జీతం, అంతే.

వాయించడానికి ప్లాస్టిక్ డబ్బా, చెక్క గరిటె మంచివి. స్టీలు గిన్నె చెవి దగ్గర ఖంగుమంటుంది. గజ్జెల పట్టీల్లో ఊడొచ్చే మువ్వ నేరుగా నోట్లోకి పోతుంది, రోజూ లాగి చూడండి. పాడే బొమ్మల స్పీకరు రంధ్రం మీద టేపు రెండు పొరలు వేస్తే శబ్దం బాగా తగ్గుతుంది.

నిద్రకి శబ్దం చేసే మెషిన్లతో జాగ్రత్త. 2014లో 14 రకాలు పరీక్షిస్తే, 30 సెంటీమీటర్ల దూరంలో పూర్తి వాల్యూమ్‌లో అన్నీ 50 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) దాటాయి, మూడు 85 దాటాయి. కనీసం 2 మీటర్ల దూరంలో, తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, బిడ్డ తల ఉండే చోట ఫోనులో సౌండ్ మీటర్ యాప్‌తో కొలవండి. నిద్రపోయాక ఆపేయండి. వీడియో వద్దు, రెండేళ్లలోపు స్క్రీనే వద్దని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటున్నారు.

పాటకి ఏమాత్రం కదలకపోతే, ఆరు నెలలకీ పిలుపుకి తల తిప్పకపోతే ‘వాడికి పాటలంటే పడదు’ అని నవ్వేయకండి. అసలు వినికిడి పరీక్ష పుట్టిన నెలలోపే అయిపోవాలి, చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి కొద్ది నిమిషాల్లో చేసేస్తారు. కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. లోపం ఉంటే ఆరు నెలలలోపు చికిత్స మొదలవ్వాలి, ఆ పైన ప్రతి నెలా మాటలకి నష్టమే.

ఇక బరాత్‌లు. డీజే బండి ముందు తీన్‌మార్‌కి చంటిదాన్ని భుజాన ఎక్కించుకుని ఎగిరే మేనమామలు ఈ ఊళ్లో కొదవ లేదు. చెవిలో దూది ఆ శబ్దాన్ని ఆపలేదు. పసిపిల్లల ఇయర్ మఫ్‌లు తొడగండి, అవి లేకపోతే బిడ్డని తీసుకుని ఫంక్షన్ హాల్ వెనక పార్కింగ్ వైపు నడవండి. మేనమామ అలిగితే అలగనివ్వండి.