ఊరు దాటితేనే ఇంటిపేరు

(ఇంగ్లండ్‌లో కొడుకు ఇల్లు. సుబ్బారావు సోఫాలో, చేతిలో పక్కింటికి చేరాల్సిన ఉత్తరం. అనసూయ గోరుచిక్కుళ్ల ఈనెలు తీస్తోంది.)

అనసూయ: ఏమండీ, పొద్దుటినుంచీ ఆ ఉత్తరం పట్టుకు కూర్చున్నారు. వాళ్లింట్లో ఇచ్చి రాకూడదూ?

సుబ్బారావు: ఆగవే. ఆయన ఇంటిపేరు నాష్‌ట. ఆష్ అంటే ఒక చెట్టు. పూర్వం ఆ చెట్టు దగ్గర ఉండేవాణ్ణి ‘అటెన్ ఆష్’ అనేవారు. అనగా అనగా ఆ ‘న్’ కాస్తా వెళ్లి చెట్టుకి అతుక్కుంది.

అనసూయ: అయితే మన మర్రివాళ్లు, చింతావాళ్ల లాగేనన్నమాట.

సుబ్బారావు: 1947లో మనకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఇక్కడి ప్రధాని అట్లీ కదా? లీ అంటే అడవి కొట్టి చదును చేసిన చోటు. దాని దగ్గర ఉండేవాడు అట్లీ.

అనసూయ: మరి లింకన్?

సుబ్బారావు: అది ఇక్కడి ఊరే. కానీ లింకన్‌లో అందరూ లింకన్‌వాళ్లే. ‘ఏమయ్యా లింకన్’ అని పిలిస్తే ఊరు ఊరంతా పలుకుతుంది. అక్కణ్ణుంచి ఇంకో ఊరు వెళ్లినవాడికే ఆ పేరు.

అనసూయ: మన గుడివాడ పిన్నిలా! గుడివాడలో ఆవిణ్ణి అలా ఎవరంటారు? మీ చెల్లెలు ముప్పై ఏళ్లుగా నన్ను ‘ఏలూరు వదిన’ అంటుంటే, నా పేరు మరిచిపోయిందేమో అనుకున్నా.

సుబ్బారావు: మరిచిపోయే ఉంటుంది. సరే, వాషింగ్టన్ సంగతి విను. జార్జి వాషింగ్టన్ పూర్వీకుడు విలియం అని ఒకాయన. 12వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండ్‌లో హార్ట్‌బర్న్ అన్న ఊరిపేరుతో ఉండేవాడు. అక్కడి భూమి వదులుకుని వాషింగ్టన్ ఊళ్లో భూమి పుచ్చుకున్నాడు. దాంతో ఇంటిపేరూ మారిపోయింది.

అనసూయ: మగాడికి ఇంటిపేరు మారిందా! ఇల్లరికం వెళ్లాడా?

సుబ్బారావు: ఇల్లరికం కాదే, భూమి కోసం!

అనసూయ: ఇల్లరికం వెళ్లేదీ అందుకేగా.

సుబ్బారావు: (విననట్టు) చివరికి ఆ పల్లెటూరి పేరే అమెరికా వెళ్లి రాజధాని అయి కూర్చుంది.

అనసూయ: పేరు సముద్రం దాటింది. మీ చేతిలో ఉత్తరం ఇంకా గోడ దాటలేదు.

సుబ్బారావు: వెళ్తాలేవే. కాస్త కాఫీ ఇలా పడెయ్, తాగి వెళ్తా.

అనసూయ: ఉన్నచోటు వదిలితేనే దాని పేరు వస్తుందన్నారుగా? ఇక మీకు ‘సోఫా’ అన్న ఇంటిపేరు ఈ జన్మలో రాదు.