ఫొటోగ్రాఫర్ తన కెమెరా కంపెనీని ఎందుకు వదలడు?

నికాన్ కెమెరా ముఖం మనవైపు పెట్టుకుని లెన్స్ బిగిస్తే చేయి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరగాలి. కానన్‌కూ సోనీకీ ముల్లు తిరిగే దిక్కులోనే తిప్పాలి. కానన్, నికాన్ జూమ్ రింగులు కూడా ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. పాత నికాన్ డిఎస్ఎల్ఆర్‌లలో (లోపల కదిలే అద్దం ఉన్న కెమెరాల్లో) ఫొటోకు వెలుతురు ఎక్కువో తక్కువో చూపే ఎక్స్‌పోజర్ మీటరు ప్లస్ గుర్తు ఎడమవైపు ఉండేది, కానన్‌లో కుడివైపు. దుకాణంలో నిలబడి చూస్తే ఇవి లెక్కలోకి రాని తేడాలు. చెన్నై టి.నగర్‌లో ఏ కల్యాణ మండపంలోనో తెలుగువాళ్ల పెళ్లి జరుగుతున్నప్పుడు, జీలకర్ర బెల్లం పెట్టి వధూవరుల మధ్య తెర దించే రెండు మూడు సెకన్లలో మాత్రం ఇవే అన్నిటికన్నా పెద్ద తేడాలు. ఆ క్షణంలో ఫొటోగ్రాఫర్ ఆలోచించడు, వేళ్లు పని చేస్తాయి. పదేళ్లు ఒక దిక్కుకు తిరిగిన చేయి ఆ కంగారులో పాత దిక్కుకే తిరుగుతుంది. దగ్గరకు రావాల్సిన జూమ్ దూరం పోతుంది.

ఒక కంపెనీ మీద ఫొటోగ్రాఫర్‌కు ఉండే విశ్వాసాన్ని మనం సాధారణంగా హీరో అభిమానంతో పోలుస్తాం. అభిమాన సంఘాల్లాగే వాదనలు, పట్టుదలలు ఇక్కడా ఉంటాయి, నిజమే. అయితే సినిమా నచ్చకపోతే పోయేది ఒక టిక్కెట్టు డబ్బు. కెమెరా మార్చాలంటే లక్షలు, ఏళ్ల అలవాటు, తోటివాళ్లతో ఉన్న ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ కదులుతాయి. ఈ విశ్వాసానికి మూలం ఫొటో నాణ్యతలో వెతికితే దొరకదు. వేళ్లలో, కెమెరాకు లెన్స్ బిగించే చోటైన మౌంటులో, స్నేహితుల బ్యాగుల్లో వెతకాలి.

వేళ్ల సంగతి ఇంకాస్త చూద్దాం, ఎందుకంటే దీన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. తలంబ్రాలు తీసుకోండి. వధూవరుల ముఖాలకూ లెన్స్‌కూ మధ్య పసుపు బియ్యం ఎగురుతూ ఉంటుంది. ఆటోఫోకస్ ముఖాన్ని వదిలి గింజలను పట్టుకుంటే పది ఫొటోల్లో ఏడు పోతాయి. అందుకే ఫోకస్‌కు ఏదైనా అడ్డం వచ్చినప్పుడు ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్ ఒకటి అన్ని మంచి కెమెరాల్లోనూ ఉంటుంది. నికాన్‌లో ఇది 1 నుంచి 5 వరకు, 5 పెడితే ఫోకస్ మొండిగా పాత చోటే ఆగుతుంది. సోనీలోనూ 1 నుంచి 5 వరకే, కానీ అక్కడ 5 అంటే అడ్డొచ్చిన దాని మీదకు వెంటనే దూకడం, 1 అంటే ఆగడం. కానన్‌లో మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు, మైనస్ వైపు ఆగుతుంది. నికాన్ నుంచి సోనీకి వచ్చినవారు పాత అలవాటులో 5 పెట్టుకుంటే తలంబ్రాలన్నీ గింజల ఫొటోలే అవుతాయి. కెమెరాలో లోపం ఏమీ లేదు. తప్పు కొత్త కంపెనీ మీదకు పోతుంది, పాత కంపెనీ మీద గౌరవం ఇంకాస్త పెరుగుతుంది.

ఇక మౌంటు. లెన్స్ కూర్చునే లోహపు అంచు నుంచి సెన్సర్ వరకు ఉన్న దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. 1959 నాటి నికాన్ ఎఫ్ మౌంటులో అది 46.5 మిల్లీమీటర్లు, 1987లో వచ్చిన కానన్ ఈఎఫ్‌లో 44. లోపల కదిలే అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు వస్తే సోనీ ఈ మౌంటులో 18, కానన్ ఆర్ఎఫ్‌లో 20, నికాన్ జడ్‌లో 16. ఎక్కువ దూరం కోసం చేసిన లెన్స్‌ను తక్కువ దూరం ఉన్న బాడీకి (లెన్స్ లేని కెమెరాకు) పెట్టాలంటే మధ్యలో అడాప్టర్ అనే ఖాళీ గొట్టం చాలు: నికాన్ పాత లెన్స్‌ను జడ్ బాడీకి పెట్టడానికి 30.5 మిల్లీమీటర్లు, కానన్ పాత లెన్స్‌ను ఆర్ఎఫ్ బాడీకి పెట్టడానికి 24. తక్కువ దూరం కోసం చేసిన లెన్స్‌ను ఎక్కువ దూరం ఉన్న బాడీకి పెట్టడం కుదరదు. 44 కోసం చేసిన కానన్ లెన్స్ 46.5 ఉన్న నికాన్ బాడీ మీద దూరపు వస్తువులకు ఫోకస్ కాదు, లోపల లెన్స్ గాజు ఉన్న అడాప్టర్ పెడితే నాణ్యత పోతుంది. డిఎస్ఎల్ఆర్ కాలమంతా ఈ కొన్ని మిల్లీమీటర్లే గోడగా నిలిచాయి. మొదటి బాడీతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఎవరినీ కట్టిపడేయదు. తర్వాత కొన్న 50 మిల్లీమీటర్ల లెన్స్, ఆ తర్వాత 70-200, ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, రెండో బాడీ, వీటితో మనిషి లోపలికి వెళ్తాడు.

రెండో బాడీ ముఖ్యం. ముహూర్తం మధ్యలో ఒక బాడీ ఆగిపోతే అవే లెన్స్‌లు తగిలే ఇంకోటి భుజాన ఉండాలి. బ్యాటరీలదీ ఇదే కథ. 2010లో డి7000తో వచ్చిన నికాన్ ఈఎన్-ఈఎల్15 కుటుంబమూ, 2008లో 5డి మార్క్ 2తో వచ్చిన కానన్ ఎల్‌పీ-ఈ6 కుటుంబమూ మిర్రర్‌లెస్‌లలోకి కూడా కొనసాగాయి. పాత బ్యాటరీ వేస్తే కొన్ని కొత్త బాడీల్లో వరుస షాట్ల వేగం తగ్గుతుంది, అయినా పని ఆగదు. పాత వాడుకదారుడిని ఇంట్లోనే ఉంచే ఉపాయాల్లో ఇంతకన్నా మంచిది లేదు. ఇందులో వాడుకదారుడికీ లాభమే.

స్నేహితుల బ్యాగుల గురించి మార్కెటింగ్ పుస్తకాలు పెద్దగా మాట్లాడవు. పెళ్లి ఫొటోగ్రఫీలో ప్రధాన ఫొటోగ్రాఫర్ తనతో సెకండ్ షూటర్‌ను తెచ్చుకుంటాడు. ఇద్దరిదీ ఒకే మౌంటు అయితే మండపంలోనే లెన్స్ మార్చుకోవచ్చు, కార్డులు, చార్జర్లు పంచుకోవచ్చు. సోనీ కొన్ని బాడీలు సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ ఎ కార్డు తీసుకుంటాయి. నికాన్, కానన్ పెద్ద బాడీలు తీసుకునేది టైప్ బి. కాబట్టి ఆఖరి నిమిషంలో ‘ఒక కార్డు ఇవ్వన్నా’ అని అడగాలన్నా మన కంపెనీవాడినే అడగాలి. శీతాకాలం ఆదివారాల్లో చెన్నై నుంచి పులికాట్‌కో నేలపట్టుకో కొంగల కోసం, ఫ్లెమింగోల కోసం బయల్దేరే బృందాల్లోనూ అంతే. పక్షుల ఫొటోగ్రఫీలో ఖర్చులో పెద్ద భాగం ఒక్క పొడవాటి లెన్స్‌దే. దాన్ని ఒక గంట వాడి చూడమని ఇచ్చే అన్నయ్య ఏ మౌంటు వాడితే కొత్తగా వచ్చిన తమ్ముడూ ఆ మౌంటే కొంటాడు. నలుగురితో నారాయణా అన్నట్టు కనిపిస్తుంది గానీ ఇది తెలివైన లెక్క. తన దగ్గర లేని లెన్స్ పక్కవాడి దగ్గర ఉంటే అది సగం తనదే.

ఫ్లాష్‌ల విషయంలో మాత్రం ఈ కట్టు సడలింది. గోడాక్స్ లాంటి కంపెనీల ఏడీ200 వంటి బయటి లైట్లు 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో నడుస్తాయి. కెమెరా మీద పెట్టే ట్రాన్స్‌మిటర్ ఒక్కటే కంపెనీని బట్టి మారుతుంది. అందువల్ల ఇవాళ కంపెనీ మారేవాళ్లు లైట్లన్నీ అమ్మక్కర్లేదు, ట్రిగ్గర్ ఒక్కటి మార్చుకుంటే చాలు.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది, అది తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, మిగతా కాలం సముద్రపు గాలి. తేమ 60 శాతం దాటిన చోట, చీకట్లో, గాలి ఆడని తోలు బ్యాగులో నెలల తరబడి పడుకున్న లెన్స్‌లో ఫంగస్ పుడుతుంది. మొదట అద్దం అంచున సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపిస్తాయి. తర్వాత అది వదిలే ఆమ్లం పూతను తినేస్తుంది. అప్పుడు తుడిచినా మచ్చ పోదు. డ్రై క్యాబినెట్‌లో తేమను 40 నుంచి 45 శాతం మధ్య ఉంచాలి. అంతకన్నా బాగా తగ్గించినా మంచిది కాదు, లోపలి గ్రీజు, రబ్బరు ఎండుతాయి. క్యాబినెట్ కొనలేనివారు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్, చిన్న తేమ మీటరుతో పని నడపవచ్చు. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడాలి.

కంపెనీ విశ్వాసానికీ దీనికీ సంబంధం ఏమిటంటే, రెండు కంపెనీల సామాను పెట్టుకున్నవారు ఒకదాన్నే ఎక్కువగా వాడతారు. వాడని రెండోది బ్యాగులో ఉండి పాడవుతుంది. పొడి గాలి ఉన్న ఊళ్లలో రెండు సిస్టమ్‌లు పెట్టుకోవడం ఖర్చుతో పోతుంది, ఈ తీరంలో అది లెన్స్‌లను చంపుకోవడమే. ఇక ఫంగస్ పట్టిన లెన్స్‌కు మంచి ధర రాదు కనుక దాని యజమాని కంపెనీ మారలేడు. విశ్వాసం అనుకుంటున్న దానిలో కొంత భాగం అమ్ముకోలేకపోవడమే.

రంగుల సంగతి. ‘కానన్‌లో చర్మం రంగు బాగుంటుంది’ అనే మాట స్టూడియోల్లో చాలా బలమైనది. కెమెరా ఇచ్చిన జేపెగ్ నేరుగా ప్రింటుకు వెళ్లే రోజుల్లో ఆ మాటకు విలువ ఉండేది. కెమెరా రంగులు దిద్దని రా ఫైలు తీసి లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవారికి రంగులో ఎక్కువ భాగం ప్రొఫైలు (రంగులను ఎలా చూపాలో చెప్పే ఫైలు) నిర్ణయిస్తుంది. 24 గడుల కలర్ చార్టును మండపం లైటులో ఒకసారి తీసి ప్రతి బాడీకీ ప్రొఫైలు చేసుకుంటే రెండు కంపెనీల మధ్య తేడా చాలావరకు కరుగుతుంది. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఎర్ర కంచిపట్టు మీద ఎల్ఈడీ లైటు పడితే ఎరుపు చానెల్ మిగతా రెండిటికన్నా ముందే నిండిపోతుంది, చీర జరీ గీతలు, మడతలు కలిసిపోయి ఎర్రటి ముద్దగా మారతాయి. మొత్తం వెలుతురును ఒకే గ్రాఫుగా చూపే తెల్ల హిస్టోగ్రామ్ అంతా బాగానే ఉందని చెబుతుంది. మూడు రంగులను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూసి ఒక స్టాపులో (స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) మూడింట రెండు వంతుల మేర ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఏ కంపెనీ కెమెరా ఈ పని మన బదులు చేయదు. రంగు కోసం కంపెనీని పట్టుకుని ఉండటం అన్ని కారణాల్లోకీ బలహీనమైనది. ఒక ఆల్బమ్‌లో రెండు కంపెనీల ఫొటోలు కలిపితే ఎడిటింగ్ టేబుల్ మీద పని పెరుగుతుందన్నది మాత్రం న్యాయమైన కారణమే. లైటు రంగును బట్టి తెలుపును సరిచేసే కెల్విన్ అంకె రెండిటిలో ఒకటే పెట్టినా ముఖాలు ఒకేలా రావు.

ఇంత గట్టి కట్టు కూడా తెగిన సందర్భాలున్నాయి. 1987లో కానన్ తన ఎఫ్‌డీ మౌంటును వదిలి ఈఎఫ్ తెచ్చింది. పాత లెన్స్‌లు కొత్త బాడీలకు తగలలేదు, కొన్నవాళ్లు కోపగించుకున్నారు. అయినా ఆటోఫోకస్ మోటారును లెన్స్‌లోనే పెట్టడం వల్ల పెద్ద టెలీ లెన్స్‌లలో వచ్చిన వేగం చూసి క్రీడా ఫొటోగ్రాఫర్లు కానన్‌కు మళ్లారు. పాత మౌంటును కాపాడిన నికాన్ ఆ రంగంలో వెనకబడింది. 2007లో డి3 వచ్చి, తక్కువ వెలుతురులో దాని పనితనం చూపాక కొందరు తిరిగి వచ్చారు. 2008లో కానన్ 5డి మార్క్ 2 పెద్ద సెన్సర్ అయిన ఫుల్‌ఫ్రేమ్‌లో ఫుల్ హెచ్‌డీ వీడియో తెచ్చింది. పెళ్లి వీడియోల రూపమే మారిపోయింది, షార్ట్ ఫిల్మ్‌ల కుర్రాళ్లందరి చేతికీ ఆ కెమెరా వచ్చింది. పాత కెమెరాతో అసలు తీయలేని ఫొటోను కొత్తది తీయగలిగినప్పుడే ఫొటోగ్రాఫర్ కదులుతాడు. అదే ఫొటోను పది శాతం మెరుగ్గా తీస్తానంటే కదలడు.

2018 అలాంటి ఇంకో మలుపు. కంటిని పట్టుకునే ఆటోఫోకస్‌తో సోనీ అప్పటికే ముందుంది, ఆ ఏడాది నికాన్ జడ్, కానన్ ఆర్ఎఫ్ వచ్చాయి. కానన్ ఈఎఫ్ లెన్స్‌లలో మోటారు లోపలే ఉంది కనుక అడాప్టర్ మీద అవి హాయిగా పని చేశాయి. నికాన్ అడాప్టర్ ఎఫ్‌టీజడ్‌లో మోటారు లేదు. మన స్టూడియోల్లో తరాలుగా తిరిగిన 50 ఎఫ్/1.8డి, 80-200 ఎఫ్/2.8డి లాంటి లెన్స్‌లు బాడీలోని మోటారుతో తిరిగేవి. కొత్త బాడీల మీద వాటికి ఆటోఫోకస్ పోయింది. ఎలాగూ కొత్త లెన్స్‌లే కొనాలన్న చోట ఉన్న కంపెనీలోనే ఉండటానికి కారణం తగ్గిపోతుంది. సోనీ తన మౌంటును బయటి కంపెనీలకు ముందే తెరవడంతో సిగ్మా, టామ్రాన్ లెన్స్‌లు తక్కువ ధరకు సిద్ధంగా ఉన్నాయి. ఆర్ఎఫ్‌కు వాళ్ల ఆటోఫోకస్ లెన్స్‌లు, అవీ చిన్న సెన్సర్ కోసం చేసిన ఏపీఎస్-సీ సైజువి, 2024లో గానీ రాలేదు. కొత్తగా మొదలుపెట్టేవారు బాడీ ధర కన్నా ముందు చూడాల్సింది ఇదే: రాబోయే అయిదేళ్లలో కావలసిన మూడు లెన్స్‌లు ఆ మౌంటులో ఎంతకు దొరుకుతాయి, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయా, తమ చుట్టూ ఆ మౌంటు వాడేవారు ఉన్నారా.

పెళ్లిళ్లు చేసే వృత్తి ఫొటోగ్రాఫర్ ఉన్న కంపెనీలో ఉండిపోవడం చాలాసార్లు సరైన నిర్ణయమే. లెక్క వేసి చూడండి. బాడీకి లక్షన్నర, లెన్స్‌లకు మూడు లక్షలు పెట్టారనుకుందాం. సగం ధరకు అమ్మితే 2,25,000 పోయినట్టే. ఆ డబ్బుతో ఉన్న మౌంటులోనే ఇంకో మంచి బాడీ వస్తుంది.

అయినా మారాలనుకుంటే పాతవి ముందే అమ్మవద్దు. కొత్త బాడీని అద్దెకు తెచ్చి రెండు పెళ్లిళ్లకు రెండో కెమెరాగా వాడాలి, అందులో తలంబ్రాలు ఒక్కసారైనా దానితో తీయాలి. బయల్దేరే ముందు రెండు కెమెరాల గడియారాలు సెకను తేడా లేకుండా కలపాలి, లేకపోతే ఫొటోలు వరుస తప్పుతాయి. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు ఫోన్ టార్చి వెనక నుంచి కాస్త పక్కగా వేసి ముందు నుంచి చూడాలి. కానన్ ఈఎఫ్ లెన్స్‌ను బాడీ నుంచి తీసేస్తే అపర్చర్ (వెలుతురు వెళ్లే రంధ్రం) తెరుచుకునే ఉంటుంది. నికాన్ జీ లెన్స్‌లలో మూసుకుపోతుంది, వెనక ఉన్న చిన్న మీటను వేలితో పక్కకు నొక్కి పట్టుకుంటేనే లోపలి అద్దాలు పూర్తిగా కనిపిస్తాయి. కానన్ నుంచి వచ్చినవారికి ఈ మీట సంగతి తెలియదు, మూసిన అపర్చర్ వెనక ఫంగస్‌ను చూడకుండానే డబ్బిచ్చేస్తారు.