సవరణ: టిల్లర్ బరువుగా ఉంటే బోల్టు జోలికి వెళ్లకండి

హుస్సేన్ సాగర్‌లో లేజర్ లాంటి చిన్న తెరచాప పడవలు నడిపేవాళ్ల కోసం రాసిన పోస్టులో ‘చుక్కాని మాట వినకపోతే ముందు బోల్టు బిగించండి’ అని ఉంది. నీళ్లలో ఉండే చుక్కాని రెక్కను బిగించి ఉంచే బోల్టు అది. ఆ సలహా టిల్లర్ (చుక్కానిని తిప్పే చేతికర్ర) లూజుగా ఆడుతున్నప్పటికే. టిల్లర్ బరువెక్కి చెయ్యి లాగేస్తుంటే సంగతి వేరు.

అప్పుడు ముందు చూడాల్సింది చుక్కాని రెక్క పూర్తిగా కిందికి దిగిందా లేదా అని. దాన్ని పట్టి ఉంచే తాడు క్లీట్‌లో (తాడును బిగించి పట్టే కొక్కెం) కాస్త జారినా చాలు, నీటి ఒత్తిడికి రెక్క వెనక్కి లేస్తుంది. నీటి బలం ఇరుసుకు దూరంగా జరిగి టిల్లర్ మొండికేస్తుంది. ఒడ్డున అంతా బాగానే కనిపిస్తుంది, పడవ వేగం అందుకున్నాకే బయటపడుతుంది. ఇలాంటప్పుడు బోల్టు గట్టిగా బిగిస్తే రెక్క దిగడమే కష్టమవుతుంది!

రెక్క నిండా దిగినా పడవ గాలివైపే తిరుగుతోందా? పడవ బాగా ఒరిగి ఉంటుంది. షీట్ (తెరచాపను లాగి పట్టే తాడు) కొంచెం వదిలి, మీ ఒంటి బరువు పడవ బయటికి వేసి నిటారుగా తెండి. వానాకాలం గాలుల్లో ఇదే ఎక్కువ.

ఇక లూజు సంగతి. ఒక చేత్తో రెక్కను కదలకుండా పట్టుకుని రెండో చేత్తో టిల్లర్ ఊపండి. కదలిక చుక్కానిని పడవ వెనక భాగానికి తగిలించే పిన్నుల దగ్గర కనిపిస్తే అరిగిన భాగం మార్చాల్సిందే.