అరిచే కుక్కే మంచి కుక్కా?

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దున ఐదున్నరకు వాకింగ్‌కొచ్చే వాళ్లలో కుక్కల్ని పట్టుకొచ్చే వాళ్లూ ఉంటారు. మొన్న ఒకాయన తన లాబ్రడార్‌కు సిట్ నేర్పిస్తున్నాడు. సిట్, సిట్, సిట్ అని ఆరుసార్లు అన్నాడు. కుక్క ఆయన మొహం చూడలేదు, ప్యాంటు జేబు చూస్తోంది. చెయ్యి జేబులోకి పోయి బిస్కెట్ కవరు చప్పుడైంది, టక్కున కూర్చుంది. "చూస్తివాన్నా, ఎంత బాగా మాట వింటాదో" అన్నాడు నాతో. అది విన్నది కవరు మాట. వచ్చే నెల దాన్ని బెంగళూరులో కుక్కల ప్రవర్తన పరీక్షకు తీసుకుపోతాడట. ఇలాంటి పరీక్షల్లో చాలావాటిలో తినే వస్తువు చేతికి రానివ్వరని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అసలు మనవాళ్లు రెండు పరీక్షల్ని ఒకటే అనుకుంటారు. విధేయత పరీక్ష అంటే చెప్పింది చేస్తుందా అని. స్వభావ పరీక్ష అంటే ఎవరూ ఏమీ చెప్పనప్పుడు ఏం చేస్తుంది అని. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989లో మొదలుపెట్టిన పది అంశాల 'కెనైన్ గుడ్ సిటిజన్' పరీక్షలో రెండూ కలిసి ఉంటాయి. 1977లో పుట్టిన అమెరికన్ టెంపరమెంట్ టెస్ట్ సొసైటీది అచ్చంగా స్వభావ పరీక్షే. అక్కడ కుక్క ముందు టపీమని గొడుగు తెరుస్తారు, చాటు నుంచి రాళ్ల బకెట్ గలగలలాడిస్తారు, తుపాకీ పేలుస్తారు, ప్లాస్టిక్ పట్ట మీద నడిపిస్తారు. ఉలిక్కిపడితే తప్పేం కాదు. ఎంతసేపట్లో తేరుకుంది, ఆ గొడుగు దగ్గరికి పోయి వాసన చూసిందా అన్నదే లెక్క.

మన దగ్గర కుక్కకిచ్చే సర్టిఫికెట్ వేరు. "కొత్తవాళ్లను గేటు కూడా ముట్టనీదు" అంటే అదీ కుక్క. గ్యాస్ సిలిండర్ అబ్బాయిని తరిమితే పైకి కసురుతూ లోపల మురిసిపోతాం. ఇందులో మరీ తప్పు పట్టడానికీ లేదు. ఈ జిల్లాలో కుక్క అంటే ముందు గుర్తొచ్చేది గొర్రెల మంద కాడి కుక్కే. రాత్రి చేన్లో మంద ఆపినప్పుడు కొత్త మనిషి అలికిడికి మొరగని కుక్కకు సంగటి ముద్ద దండగ. ఆ లెక్కనే టౌన్లో అపార్ట్‌మెంట్ లిఫ్టులోకీ తెచ్చుకున్నాం. ఆ గుడ్ సిటిజన్ పరీక్షలోనేమో మొదటి అంశమే కొత్త మనిషి వచ్చి యజమానితో చేయి కలిపి మాట్లాడటం. అంతసేపూ కుక్క గమ్మునుండాలి. ఏడాదంతా అరుపుకు భుజం తట్టి, పరీక్షకు పదిరోజుల ముందు గమ్మునుండమంటే దానికేం అర్థమవుతుంది?

అందుకే నన్నడిగితే తయారీ సిట్‌తో కాదు, గేటుతో మొదలుపెట్టాలి. ఎవరైనా వచ్చినప్పుడు అది అరవకుండా చూసిన ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని ముక్క పెట్టాలి. పిల్లగా తెచ్చుకున్నవాళ్లకు ఈ పని ఇంకా సులువు. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా ఏది చూస్తే అది మామూలే అనుకునే వయసది. టీకాలు పూర్తికాలేదని ఆ వారాలన్నీ ఇంట్లోనే కట్టేస్తాం. వీధిలో నేల మీద దించకపోతే సరి, చంకనేసుకుని క్లాక్ టవర్ దాకా తిప్పొచ్చు కదా. హెల్మెట్లు, బుర్ఖాలు, కర్ర పట్టుకున్న తాతలు, ట్రాక్టర్లు, అన్నీ ఆ వారాల్లోనే కంటబడాలి.

పెద్దదైతే ఓపిక కావాలి. మిద్దె మీద నేర్చిన సిట్ మిద్దె మీదికే. గ్రౌండ్లో మళ్లీ నేర్పాలి, బస్టాండ్ దగ్గర మళ్లీ. మాట ఒక్కసారే అనాలి, తినేది జేబులో కాకుండా దూరంగా గోడ మీద పెట్టాలి. ఇంకో కుక్క ఎదురైనా పట్టించుకోకూడదన్నది మరో అంశం. పరీక్షలో ఎదురొచ్చే కుక్క మెడకు పట్టీ, పట్టీకి మనిషి ఉంటారు. సాయినగర్ సందుల్లో ఎదురొచ్చేవాటికి అవేం ఉండవు, పైగా నాలుగు కలిసి వస్తాయి. అక్కడ నాకు తెలిసిన కొలత ఒకటే. వాటిని చూస్తూ కూడా చేతిలో ముక్క తింటోందంటే ఆ దూరం బాగుంది. మెడ బిగిసి ముక్క వద్దంటే మరీ దగ్గరికొచ్చేశాం, వెనక్కి తిరగాల్సిందే. ఎండాకాలం ఇదంతా సూర్యుడు రాకముందే అయిపోవాలి. నాపరాయి మీద మన అరచేతి వెనకభాగం ఐదు సెకన్లు ఆగలేకపోతే దాని పాదాలూ ఆగలేవు.

మా పాత కుక్కను ఒక ట్రైనర్ దగ్గర నెల వదిలాం. ఆయన కర్ర తీస్తే సిపాయిలా కూర్చునేది, ఇంట్లో మా మాటకు చెవి కూడా కదిపేది కాదు. భయంతో గమ్మునున్న కుక్క, నిబ్బరంగా ఉన్న కుక్క చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్నది రేపు గుర్రుమనకుండానే కరవొచ్చు.

ఇదంతా పెంపుడు కుక్కల సరదా అనుకోవద్దు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను ప్రమాదకరమంటూ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధి కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ఉన్నవాటినీ మాత్రం వదలొద్దంది. దూకుడని తేల్చేదెవరు, దేంతో? జాతి పేరు కన్నా పది నిమిషాల స్వభావ పరీక్ష నయమే. కానీ వలేసి పట్టి బోనులో పెట్టిన రోజే పరీక్షిస్తే ఏ కుక్కయినా ఫెయిలే.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది నాటు కుక్క. దాని చిక్కల్లా గుడ్ సిటిజన్ పరీక్షలోని ఆఖరి అంశం. పట్టీ ఇంకొకరి చేతికిచ్చి యజమాని మూడు నిమిషాలు కనబడకుండా పోవాలి. మొదట్లో నలభై సెకన్లకే ఏడుపు. రోజూ పాల అంగడాయన చేతికి పట్టీ ఇచ్చి, పక్క సందులోకి పోయి పది, ఇరవై అని లెక్కపెడుతూ వచ్చాను. ఇప్పుడు రెండున్నర నిమిషాలు కూర్చుంటోంది. నిన్న పట్టీ తిరిగిస్తూ ఆయన మాత్రం జాలిపడ్డాడు. "నీ కుక్క చెడిపోయిందిలేన్నా. ముందు నన్ను చూస్తే ఎట్లా అరిచేది!"