దొంగ రాణి

ఫాంటసీ నవల రెండో భాగం ఆడియోబుక్ 18 గంటలు. ఒకటిన్నర వేగంలో పెడితే 12 గంటల్లో తేలిపోతుందని లెక్కేసి మొదలుపెట్టాను. ఆ వేగంలో రాజగురువు మరణం కూడా వేలంపాటలా వినిపిస్తుంది గానీ, అది చదివినావిడ తప్పు కాదు.

మొదటి భాగాన్ని ఒకాయన చదివారు. అందులో కెల్దార అనే రాణి ఆఖరి అధ్యాయంలో వరదలో కొట్టుకుపోయింది. బతికిందో లేదో తెలియక ఏడాది ఎదురుచూశాను. రెండో భాగానికి గొంతు మారింది. ఈవిడ బాగానే చదువుతారు. ముసలి మంత్రి, కుర్ర దొంగ ఒకే నోట్లోంచి వస్తున్నారంటే నమ్మలేం. డ్రాగన్ మాత్రం గొంతునొప్పని సెలవు అడుగుతున్నట్టు గొణుగుతుంది. వినబడక సౌండ్ పెంచుతామా, సరిగ్గా అప్పుడే నిప్పు కక్కుతుంది.

అసలు చిక్కు మూడో అధ్యాయంలో వచ్చింది. నది ఒడ్డున సెల్దార అనే కొత్త మనిషి తేలింది. చేతిలో మా కెల్దార కత్తి! ఎడమ కనుబొమ్మ మీద అదే గాటు! నాకు వెంటనే అర్థమైపోయింది. రాణిని చంపి, ఆమె వేషం కట్టింది. ఇక అక్కణ్ణుంచి దొంగ ఎప్పుడు దొరుకుతుందా అని ఒకటే టెన్షన్. సేనాపతి ఆమె ముందు మోకరిల్లితే "కళ్లు పోయాయా నీకు" అని అరిచాను. రాణి గుర్రం కూడా సకిలించి దగ్గరికొచ్చేసరికి మనసు విరిగిపోయింది. మనుషులంటే సరే, గుర్రానికైనా తెలియదా?

కథ అయిపోయింది, దొంగ దొరకలేదు. అచ్చుపుస్తకం చదివిన అక్కకి ఫోన్ చేశాను.

"పదికి నాలుగు మార్కులే. దొంగ రాణి సంగతి తేల్చకుండా వదిలేశారు."

"దొంగ రాణి ఎవర్రా?"

"సెల్దార."

"అలాంటిదెవరూ లేదే."

కత్తి, గాటు, గుర్రం అన్నీ చెప్పాను. కాసేపు పేజీలు తిప్పిన చప్పుడు. "ఒరేయ్, అది రాణేరా!"

స్పెల్లింగ్ అడిగితే మొదటి అక్షరం ఇంగ్లీషు 'సి'. ఆయన దాన్ని 'క' అన్నారు, ఈవిడ 'స' అన్నారు. క గుణింతం, స గుణింతం వేరువేరుగా దిద్దిన బుర్రకి ఇద్దరూ ఒకరేనని ఎలా తడుతుంది? అక్క పుస్తకంలో మొదట్లోనే మ్యాపు, పాత్రల జాబితా ఉన్నాయట. చెవికి జాబితా ఎవరిస్తారు? మామూలుగా రికార్డింగుకు ముందే ఇలాంటి పేర్లు ఎలా పలకాలో రచయితను అడిగి రాసుకుంటారు. వీళ్లలో ఒకరు అడిగి ఉండరు.

నాలుగు కొట్టేసి ఆరు చేశాను. అంతకు మించి మనసొప్పలేదు. నిజం చెప్పాలంటే, నేను విన్న దొంగ రాణి కథే అసలు కథకన్నా బాగుంది.

"ఇంతకీ కెల్దారా, సెల్దారా?" అని అడిగాను.

"అదేంట్రా," అంది అక్క, "నేను మొదటి భాగం నుంచీ చెల్దార అనే చదువుతున్నానే!"