కాలరూ హెవీ వెయిటూ ఒకటి కాదు

చమురు బావుల డ్రిల్లింగ్ నేర్చుకుంటున్నవాళ్ల ఫోన్లలో ఒక చిట్టా తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇంతే: "డ్రిల్ కాలర్, హెవీ వెయిట్ డ్రిల్ పైప్ రెండూ ఒకటే, బిట్ మీద బరువు కోసం వేసే దళసరి గొట్టాలు. కాలర్లు లేకపోతే హెవీ వెయిట్ మరికొన్ని వేస్తే సరి. హెవీ వెయిట్ మధ్యలో ఉండే ఉబ్బు కూడా బరువు కోసమే. కాలర్లు ఎన్ని ఎక్కువ వేస్తే అంత మంచిది, వాటి బరువంతా బిట్ మీదే పడుతుంది." (బిట్ అంటే కొసన ఉండి రాయిని తొలిచే పనిముట్టు.) దళసరి అన్న మాట వరకు ఒప్పుకుంటాను. మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

"రెండూ ఒకటే." తయారీలోనే తేడా ఉంది. కాలర్ అంటే నిండు ఉక్కు కడ్డీకి నిలువునా రంధ్రం తొలిచింది. మరలు దాని ఒంటికే కోస్తారు. హెవీ వెయిట్ మామూలు డ్రిల్ పైప్‌కి అన్నలాంటిది: మందమైన గొట్టం, రెండు చివర్లా పొడవాటి టూల్ జాయింట్లు (మరలున్న లావు ముక్కలు). అందుకే 5 అంగుళాల హెవీ వెయిట్‌ని డ్రిల్ పైప్ ఎలివేటర్‌తోనే (గొట్టాన్ని మెడ దగ్గర పట్టి ఎత్తే పట్టుతోనే) ఎత్తేస్తాం. నున్నటి కాలర్‌కి ఎలివేటర్ పట్టుకోవడానికి మెడ ఉండదు. దానికి లిఫ్ట్ సబ్ (మెడ ఉన్న చిన్న ముక్క) బిగించాలి, స్లిప్స్‌లో (రిగ్ ఫ్లోర్‌లో గొట్టాన్ని కరిచి పట్టే చీలల్లో) నిలబెడితే పైన సేఫ్టీ క్లాంప్ వేయాలి. 30 అడుగుల 8 అంగుళాల కాలర్ ఒక్కటే దాదాపు 2 టన్నులు. జారితే ఏమవుతుందో రిగ్ ఫ్లోర్ మీద ఒక షిఫ్ట్ నిలబడ్డవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు.

"కాలర్లు లేకపోతే హెవీ వెయిట్ మరికొన్ని." కాగితం మీద లెక్క కుదురుతుంది, అసలు చిక్కే అది. 8 అంగుళాల కాలర్ (లోపలి రంధ్రం 2 13/16 అంగుళాలు) అడుగుకి 150 పౌండ్లు. 5 అంగుళాల హెవీ వెయిట్ (లోపల 3 అంగుళాలు) సుమారు 50. నిలువు బావిలో బిట్ మీద 40,000 పౌండ్లు కావాలి, బావిలో తిప్పే బురద ద్రవం (మడ్) గాలన్‌కి 10 పౌండ్లు, జాగ్రత్త కోసం 15 శాతం ఎక్కువ వేశాం అనుకుందాం. 30 అడుగుల కాలర్లయితే 13 చాలు, హెవీ వెయిట్ అయితే 37 గొట్టాలు పడతాయి.

బరువు సరే, వంపు మాటేమిటి? వంగకుండా నిలిచే శక్తి వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి ఆ కాలర్ ఈ హెవీ వెయిట్ కంటే 7 రెట్లకు పైగా బిరుసు. నిలువు బావిలో గొట్టం ఎంత బరువు దగ్గర మొదటిసారి వంకర తిరుగుతుందో లుబిన్‌స్కీ అనే ఇంజనీరు 1950లో లెక్క కట్టి చూపించాడు. ఆ సూత్రంలో ఈ రెండు గొట్టాల కొలతలు పెడితే, కాలర్ ఓర్చుకునే దాంట్లో పావు వంతు దగ్గరే హెవీ వెయిట్ మెలి తిరుగుతుంది. పెద్ద నిలువు బోరులో దాన్ని అలా నొక్కితే జాయింట్లు అలిసిపోతాయి, బోరు పక్కకి వెళ్తుంది. చివరికి ఫిషింగ్, అంటే విరిగి బావిలో ఉండిపోయిన ముక్కని వెతికి తీయడం.

మరి హెవీ వెయిట్ ఎందుకు? నా దృష్టిలో దాని అసలు ఉద్యోగం బరువు కాదు, మధ్యవర్తిత్వం. వంపుని ఎంత ఎదిరిస్తుందో చెప్పే అంకె సెక్షన్ మాడ్యులస్. పై కాలర్‌కి అది సుమారు 49.5, అడుగుకి 19.5 పౌండ్ల రకం 5 అంగుళాల డ్రిల్ పైప్‌కి 5.7. నిష్పత్తి 8.7. పక్కపక్క ముక్కల మధ్య ఇది 5.5 దాటకూడదన్నది రిగ్గుల మీద వాడుకలో ఉన్న మోటు లెక్క. రెండిటినీ నేరుగా కలిపితే వంపంతా కాలర్ల పైనున్న మొదటి డ్రిల్ పైప్ నెత్తిన పడుతుంది. మధ్యలో హెవీ వెయిట్ (10.7) పెడితే కింద 4.6, పైన 1.9 అవుతుంది. మెట్టు దిగినట్టు నెమ్మదిగా దిగుతుంది. కాలర్లున్న బావిలో కూడా పైన హెవీ వెయిట్ కనిపించేది ఇందుకే.

మధ్యలో ఉబ్బు సంగతి చిన్నది. గొట్టం ఒళ్లు గోడకి రాసుకోకుండా, మడ్ ఒత్తిడికి గోడకి అతుక్కోకుండా ఎడంగా ఉంచడానికి అది. ఒక ఉబ్బుతో కలిసొచ్చే బరువు ఏపాటి?

"బరువంతా బిట్ మీదే." ముందుగా, మడ్‌లో మునిగిన ఉక్కు తేలికవుతుంది. పైన చెప్పిన మడ్‌లో దాదాపు 15 శాతం పోతుంది. మిగిలిందీ మొత్తం వాడం. నొక్కుడు, లాగుడు కలిసే న్యూట్రల్ పాయింట్ కాలర్లలోనే ఉండాలి కాబట్టి కొంత అట్టిపెడతాం. పైగా బావి వంగితే కొసైన్ లెక్క వస్తుంది: 60 డిగ్రీల వాలులో సగమే ముందుకి తోస్తుంది, అడ్డంగా పడుకుంటే సున్నా. పడుకున్న కాలర్ బిట్‌ని నొక్కదు, కింది గోడనే నొక్కుతుంది. గొట్టాన్ని తిప్పడానికి కావలసిన బలం (టార్క్), జరపడానికి అడ్డొచ్చే రాపిడి (డ్రాగ్) పెరుగుతాయి. "ఎన్ని ఎక్కువ వేస్తే అంత మంచిది" అన్నది ఇక్కడ పూర్తిగా బోల్తా కొడుతుంది.

అడ్డ బావుల్లో అందుకే బిట్ వెనక మోటర్, కొలత పరికరాలు, వాటి దిక్సూచి తికమక పడకుండా ఒకటో రెండో అయస్కాంతం అంటని కాలర్లు మాత్రం ఉంచి, ఆ పైన మామూలు డ్రిల్ పైప్ కలుపుతారు. వాలులో గొట్టం కింది గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి నొక్కినా తొందరగా మెలి తిరగదు. హెవీ వెయిట్ ఎక్కడో పైన, నిలువు భాగంలో కూర్చుని వెనక నుంచి తోస్తుంది. చిట్టా రాసినవాళ్లకి ఆ పైప్ జాబితా చూపిస్తే తలకిందులుగా రాశారనే అనుకుంటారు.